చెట్టు కింది బీడీకి చలానా ఏందబ్బా?

ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి

చదవండి! చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి!

అన్నలారా, అక్కలారా!
పొగాకు రైతులారా, కూలీలారా, బంకులు నడుపుకునే చిన్న వ్యాపారులారా!

"ఇక్కడ పొగ తాగడం నేరం" అనే బోర్డు మనందరికీ తెలిసిందే. తాలూకాఫీసు గోడ మీద ఉంటుంది, ఆస్పత్రి వరండాలో ఉంటుంది, బస్టాండులో ఉంటుంది. ఆ బోర్డు వెనక ఒక చట్టం ఉంది. ఆ చట్టం ఏం చెప్పింది, ఎక్కడిదాకా చెప్పింది, ఎవరి మీద పడుతోంది అన్నది మాత్రం ఏ బోర్డు మీదా రాయలేదు. అందుకే ఈ కరపత్రం.

మా మాట ముందే చెబుతున్నాం. నాలుగు గోడల మధ్య పొగ వద్దంటే ఒప్పుకుంటాం. ఆరుబయట, నలుగురికీ ఎడంగా నిలబడి బీడీ కాల్చుకునే కూలీ మీద జరిమానా పుస్తకం తెరవడం మాత్రం అన్యాయం అంటాం. పొగాకు మీద ప్రభుత్వానికి నిజంగా కోపం ఉంటే ఆ కోపం ఫ్యాక్టరీ గేటు దగ్గర చూపించాలి. చెట్టు కింద కాదు.

పొగ మంచిదని మేం అనడం లేదు

ఈ కరపత్రం పట్టుకుని "వీళ్లు పొగ తాగమని ప్రచారం చేస్తున్నారు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకు మా జవాబు ఇది. బీడీ, చుట్ట, సిగరెట్టు అన్నీ రోగాన్ని తెచ్చేవే. క్యాన్సరు, గుండెపోటు, ఊపిరితిత్తుల జబ్బు మన పల్లెల్లో ఏ ఇంట్లో లేవు? తాగేవాడికే కాదు, పక్కన కూర్చున్న వాడికీ ఆ పొగ చేటే. బస్సులో, బడిలో, ఆస్పత్రిలో, సినిమా హాల్లో, హోటల్లో అన్నం తినే చోట పొగ తాగేవాణ్ని ఎవరు ఆపినా మేం అడ్డం రాం. గర్భిణులు, చంటిబిడ్డలు ఉన్నచోట బీడీ ముట్టించేవాడికి మేమే ముందు చెబుతాం: "దూరంగా పోన్నా" అని.

మా తగువు వేరే చోట ఉంది.

చట్టం గీసిన గీత ఎక్కడ?

1999లో కేరళ హైకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ తాగడం పక్కవాడి ప్రాణానికి ముప్పని తీర్పు చెప్పింది. 2001 నవంబరు 2న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశంలో ఉన్న చోట్లు చూడండి: ఆడిటోరియాలు, ఆస్పత్రి భవనాలు, ఆరోగ్య కేంద్రాలు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టు భవనాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్లతో సహా ప్రజలు ఎక్కే వాహనాలు. రోడ్డు లేదు. చెట్టు కింద లేదు. పొలం గట్టు లేదు.

తర్వాత 2003లో పార్లమెంటు పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. కోట్పా అంటారు దాన్ని. బహిరంగ స్థలం అంటే ఏమిటో అందులో వివరంగా చెప్పి, చివర ఒక మాట పెట్టారు: ఆరుబయలు ఇందులోకి రాదు అని. పార్లమెంటులో మన ప్రతినిధులు ఒప్పుకుని రాసిన మాట అది. మనకు అనుకూలమైన మాట కాబట్టి మనకు ఎవరూ చెప్పలేదు.

2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అన్బుమణి రామదాస్ అప్పుడు కేంద్ర ఆరోగ్య మంత్రి. ఆరుబయలు అయినా సరే, జనం వచ్చిపోయే స్టేడియం, రైల్వే స్టేషను, బస్టాండు, అలాంటి మరికొన్ని చోట్లు ఆరుబయలు కిందికి రావని ఆ నిబంధనల్లో రాశారు. చట్టం గీసిన గీతను నిబంధన జరిపింది. "అలాంటి మరికొన్ని చోట్లు" అంటే ఏవి? సంత వస్తుందా? టీ అంగడి ముందు బల్ల వస్తుందా? మర్రిపాడు రోడ్డు మీద బస్సు కోసం నిలబడే మర్రిచెట్టు వస్తుందా? రాసిన వాడు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల నిర్ణయం చలానా పుస్తకం పట్టుకున్న వాడి చేతిలోకి పోయింది.

మేం అడిగేది ఇది. ఆరుబయలును చట్టం వదిలిపెట్టినప్పుడు, ఆ వదిలిపెట్టిన దాన్ని సాగదీసి పేదవాడి జేబులో చెయ్యి పెట్టొద్దు. గీత ఎక్కడుందో తెలుగులో, స్పష్టంగా, ప్రతి పోలీసు స్టేషన్లో, ప్రతి పంచాయతీ ఆఫీసులో రాసి పెట్టండి.

ఉన్నోడికి గది, లేనోడికి చలానా

అదే 2008 నిబంధనల్లో ఇంకో సంగతి ఉంది. ముప్పై గదులు, అంతకు మించి ఉన్న హోటళ్లు, ముప్పై మంది, అంతకు మించి కూర్చునే రెస్టారెంట్లు, విమానాశ్రయాలు పొగ తాగడానికి వేరే గది పెట్టుకోవచ్చు. గాలి బయటికి పోయే ఏర్పాటు, తలుపు, అద్దం అన్నీ ఉంటాయి. విమానం ఎక్కే ఆయనకు అలవాటు ఆగకపోతే గదిలోకి పోయి దర్జాగా కాల్చుకోవచ్చు. ఆయన్ని ఎవరూ పట్టుకోరు.

మరి ఆత్మకూరు బస్టాండులో వింజమూరు బస్సు కోసం నిలబడిన కూలీకి? ఉదయగిరి కొండ కింద కట్టెలు దించి కాసేపు కూలబడిన మనిషికి? సంతకు గొర్రెను తోలుకొచ్చిన ముసలాయనకు? వాళ్లకు గది లేదు, రేకుల షెడ్డు లేదు, కనీసం "ఇక్కడ నిలబడి కాల్చుకో" అని గీసిన సున్నం గీత కూడా లేదు. వాళ్లకు ఉన్నదల్లా చలానా.

మన దేశంలో ఎవరు ఏం కాలుస్తారో ప్రభుత్వం లెక్క తీసింది. 2016-17లో జరిగిన పెద్దల పొగాకు సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 7.7 శాతం మంది బీడీ కాలుస్తారు, 4 శాతం మంది సిగరెట్టు కాలుస్తారు. అంటే సిగరెట్టు కాల్చేవాళ్లకు దాదాపు రెండింతల మంది బీడీ మీద ఉన్నారు. బీడీ ఎవరిదో వేరే చెప్పాలా? అదే సర్వేలో ఇంకో అంకె ఉంది: 38.7 శాతం మంది పెద్దవాళ్లు పక్కవాళ్ల పొగను తమ ఇంట్లోనే పీలుస్తున్నారు. మూసిన ఇంటి పొగ ఆడవాళ్లకు, పిల్లలకు ఎక్కువ చేటు. దాని గురించి ఇంటింటికీ తిరిగి చెప్పే మనిషి కనిపించడు. బస్టాండు బయట బీడీ పట్టుకున్నవాడు మాత్రం ఇట్టే కనిపిస్తాడు. పట్టుకోవడం తేలిక కదా!

జరిమానా రెండు వందల దాకా. కారులో వచ్చిన వాడికి అది ఒక సిగరెట్టు పెట్టె ఖర్చు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే ఒక్క బీడీకి రోజు కూలిలో మూడింట రెండొంతులు పోతుంది. ఇదీ చాలదని కేంద్ర ఆరోగ్య శాఖ 2021 జనవరిలో జనం ముందు పెట్టిన సవరణ ముసాయిదాలో ఆ జరిమానాను రెండు వేలకు పెంచాలని ప్రతిపాదించింది. ఆ ముసాయిదా ఇంకా చట్టం కాలేదు. అయితే అది ఏ రోజైనా మళ్లీ లేవొచ్చు. రెండు వేలంటే ఆరు రోజుల కూలి కంటే ఎక్కువ. ఒక బీడీకి వారం రోజుల కూడు పోగొట్టే చట్టం ఎవరి ఆరోగ్యం కోసం?

పండించేది మనం, వేలం వేసేది సర్కారు

అన్నలారా, ఇంకో ఊళ్లో ఈ మాట ఎత్తితే వేరే సంగతి. మన మెట్టలో పొగాకు అంటే ఏదో దూరపు సంగతి కాదు. మర్రిపాడు మండలం డీసీపల్లిలో పొగాకు వేలం కేంద్రం ఉంది. కలిగిరిలో ఉంది. ఆ రెండింటినీ నడిపేది కేంద్ర ప్రభుత్వ పొగాకు బోర్డు. 1975 చట్టంతో పుట్టి, 1976 జనవరి 1 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తోంది. ఎవరు ఎంత వేయాలో అదే చెబుతుంది. ఆకు ఎండబెట్టే ఏ బ్యారన్‌కు లైసెన్సు ఉండాలో అదే చెబుతుంది. చెప్పినదానికంటే ఎక్కువ పండిస్తే దండుగ కూడా అదే వేస్తుంది.

వాన తక్కువ, నేల తేలిక, బోరు నమ్మకం లేదు. ఇలాంటి నేలలో నాలుగు డబ్బులు కళ్లజూపే పంట అని మన రైతు వర్జీనియా పొగాకు పట్టుకున్నాడు. నారు పోసిన రోజు నుంచి బేలు వేలం కేంద్రం గేటు దాటేదాకా ఇంటిల్లిపాదీ ఆ ఆకుతోనే బతుకుతారు. తెల్లారుజామున మంచు ఆరకముందే ఆడవాళ్లు ఆకు కొడతారు. జిగురు వేళ్లకు అంటి నల్లగా పేరుకుంటుంది, సబ్బుకు పోదు. ఆకును కర్రలకు అల్లి బ్యారన్‌కు ఎక్కిస్తారు. రంగు తేలేదాకా ఒక వేడి, ఈనె ఎండేదాకా ఇంకో వేడి. ఐదారు రోజులు రాత్రింబవళ్లు కట్టెలు ఎగదోస్తూ కునుకు లేకుండా కాపలా. వేడి కాస్త అటూ ఇటూ అయితే ఆకు మాడి లోగ్రేడు అవుతుంది, అంతే సంగతులు.

ఇక్కడ ప్రభుత్వాన్ని ఒకటి అడగాలి. తడి ఆకును మోసిన రోజు మన ఆడవాళ్లకు తల తిరుగుతుంది, కడుపులో తిప్పి వాంతులవుతాయి. పచ్చాకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి పోవడం వల్ల వచ్చే జబ్బు అది. ఒక్క బీడీ ముట్టని మనిషి ఒంట్లోకి పొగాకు విషం ఎక్కుతోంది. బస్టాండులో పక్కవాడి పొగ గురించి ఇంత బాధపడే ప్రభుత్వం, ఈ ఆడకూతుళ్లకు ఒక జత చేతి తొడుగులు ఎందుకు ఇవ్వదు? ఆకు కొట్టే కాలంలో ఒక వైద్య శిబిరం ఎందుకు పెట్టదు?

ధర సంగతి చెప్పనక్కర్లేదు. 2015లో ధర కూలినప్పుడు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2025లో నల్లబర్లీ పొగాకు కొనేవాడు లేక రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. అమ్ముడుపోయిన ఆకు మీద పన్ను, సిగరెట్టు మీద పన్ను, ఎగుమతి మీద విదేశీ మారకం అన్నీ సర్కారుకే. సిగరెట్ల కంపెనీ ఐటీసీలో ప్రభుత్వ రంగ బీమా సంస్థ ఎల్‌ఐసీకి పదిహేను శాతం దరిదాపు వాటా ఉంది. వేలం వేసేదీ తానే, పన్ను తీసుకునేదీ తానే, వాటా లాభం తీసుకునేదీ తన సంస్థే. చివరికి అదే ఆకు చుట్టిన సిగరెట్టును కాల్చినవాడి దగ్గర జరిమానా తీసుకునేదీ తానే!

ఒప్పందంలో ఒక పేజీ చదివి, ఇంకో పేజీ మడిచి

2004 ఫిబ్రవరిలో మన దేశం పొగాకు నియంత్రణపై ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో 8వ అధికరణ జనాన్ని పక్కవాళ్ల పొగ నుంచి కాపాడమంటుంది. బహిరంగ స్థలాల నిషేధానికి దీన్నే చూపిస్తారు. అదే ఒప్పందంలో 17వ అధికరణ కూడా ఉంది. పొగాకు పండించే రైతులకు, అందులో పనిచేసే కూలీలకు బతికే వేరే దారి చూపించమని అది చెబుతుంది. 18వది పొలంలో పనిచేసే వాళ్ల ఆరోగ్యం, పర్యావరణం గురించి చెబుతుంది.

8 అమలు కావడానికి చలానా పుస్తకం చాలు. 17 అమలు కావాలంటే నీళ్లు కావాలి, విత్తనం కావాలి, కొనే దిక్కు కావాలి. అందుకే మొదటిది మన మీదికి వచ్చింది, రెండోది ఫైల్లో ఉండిపోయింది. 2015-16 నుంచి పొగాకు రాష్ట్రాలకూ పంట మార్పిడి పథకం వర్తిస్తుందన్నారు. మంచిదే. మర్రిపాడులో, వరికుంటపాడులో, దుత్తలూరులో ఎంతమంది రైతులకు అందింది? ఎన్ని ఎకరాలు మారాయి? ఆ లెక్క మా ముందు పెట్టండి.

నిషేధం అంటే ఏమిటో దూబగుంటను అడగండి

నిషేధాల గురించి ఈ మెట్టకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కలిగిరి మండలం దూబగుంట మనదే. అక్షరదీపం అనే వయోజన చదువుల్లో పలక పట్టిన ఆడవాళ్లు 1991-92లో సారా మీద తిరగబడింది అక్కడే. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. ఆ ఊరి కథ చదువుల పుస్తకంలో పాఠమై జిల్లా అంతటా పాకింది. నెల్లూరులో సారా వేలం పాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్లో మన జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఆ ఆడవాళ్లు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. తాగి పడిపోయిన వాడి జేబు వెతికి జరిమానా తీసుకోలేదు. సారా అంగడి మూయించారు. ప్యాకెట్లు తెచ్చిన బండిని వెనక్కి పంపారు. కాంట్రాక్టరును, కలెక్టరును, మంత్రిని నిలదీశారు. తాగేవాడు తమ మొగుడే, తమ కొడుకే అని వాళ్లకు తెలుసు. వాణ్ని కొట్టి లాభం లేదు, వాడికి తాగించేవాణ్ని పట్టుకోవాలి అన్నారు. నిషేధం అంటే అదీ.

ఇప్పుడు పొగాకు దగ్గర జరుగుతున్నది దానికి తలకిందులు. ఫ్యాక్టరీ నడుస్తోంది, వేలం నడుస్తోంది, పన్ను వస్తోంది. పట్టుబడేది మాత్రం చివర్లో బీడీ ముట్టించినవాడు.

జనం లోపలి నుంచి రాకుండా పైనుంచి దించిన నిషేధం ఏమవుతుందో కూడా మనం చూశాం. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. పక్క రాష్ట్రాల సీసాలు దొంగదారిన వచ్చాయి, ఖజానా ఖాళీ అయిందన్నారు, 1997లో ఎత్తేశారు. ఆ తర్వాత 2019 నుంచి 2024 దాకా మన రాష్ట్రంలో మందు దుకాణాలు ప్రభుత్వమే నడిపింది. సీసా తానే అమ్మిన సర్కారుకు బీడీ దగ్గర మాత్రం ఆరోగ్యం గుర్తొచ్చింది.

బయటి దేశాల సంగతీ చూద్దాం. భూటాన్ 2004లో పొగాకు అమ్మకాన్నే నిషేధించింది. సరిహద్దు దాటి దొంగ సరుకు వచ్చింది. చివరికి 2021లో అమ్మకానికి మళ్లీ అనుమతి ఇచ్చింది. జపాన్ దారి వేరు. టోక్యోలోని చియోదా వార్డు 2002లో వీధుల్లో నడుస్తూ పొగ తాగడాన్ని ఆపింది. అయితే ఆ ఊళ్లో పొగ తాగేవాళ్లు నిలబడడానికి వేరే చోట్లు గుర్తించి పెట్టారు. కాల్చని వాడికి గాలి దక్కింది, కాల్చేవాడికి చోటు దక్కింది. మనం అడిగేది అంతకంటే తక్కువే: ఒక రేకుల షెడ్డు, లేకపోతే ఒక సున్నం గీత.

అడిగేవాళ్లకు మన జవాబులు

"ఆరుబయట కాల్చినా పక్కవాడికి పొగ తగలదా?"
దగ్గరగా నిలబడితే తగులుతుంది. అందుకే దూరంగా ఒక చోటు చూపించమంటున్నాం. చోటు చూపించకుండా జరిమానా వేస్తే వాడు బస్టాండు గోడ వెనక, మరుగుదొడ్డి దగ్గర, ఆడవాళ్లు పోయే సందులో కాలుస్తాడు. అది ఎవరికి మేలు?

"జరిమానా పడితే భయపడి మానేస్తారు కదా?"
పొగ అలవాటు ఒంటికి పట్టిన వ్యసనం. భయంతో కాసేపు దాక్కుంటాడు, మానడు. ఆ 2016-17 సర్వేలోనే, పొగ తాగేవాళ్లలో సగానికి పైగా మానాలని అనుకుంటున్నామని చెప్పారు. మానాలనుకునే వాడికి కావాల్సింది మందు, సలహా, వెన్ను తట్టే మనిషి. 1800-11-2356 అని ప్రభుత్వానిదే ఉచిత ఫోను నంబరు ఒకటి ఉంది. చలానా రాసే చేత్తోనే ఆ నంబరు రాసివ్వొచ్చు కదా!

"బంకుల వాళ్లకు దీంతో పనేంటి? వ్యాపారం పోతుందనా?"
బంకు ముందు నిలబడి కాల్చిన వాడి తప్పుకు బంకు మనిషిని బెదిరించడం ఆగాలి. అంతే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అమ్మకూడదు, బడికి వంద గజాల లోపల అమ్మకూడదు అని చట్టం చెబుతోంది. అది న్యాయమైన మాట. బంకులు నడిపే అన్నలారా, ఆ మాట మనం తప్పొద్దు. బడి పిల్లవాడి చేతిలో సిగరెట్టు పెట్టి, రేపు న్యాయం కావాలని రోడ్డెక్కే హక్కు మనకుండదు.

"ఇది సిగరెట్ల కంపెనీలు వేయించిన కరపత్రం కాదా?"
కాదు. కంపెనీలను కూడా అడుగుతున్నాం. మన ఆకు కొని లాభం చేసుకున్న వాళ్లు మన కూలీల చేతి తొడుగులకు, వైద్యానికి డబ్బు పెట్టాలి. కింద డిమాండ్లలో రాశాం, చదవండి.

చలానా రాస్తే ఏం అడగాలి?

1. ఎవరు రాస్తున్నారో అడగండి. పోలీసుల్లో ఎస్సై, ఆపై హోదా వాళ్లకు అధికారం ఉంది. గెజిటెడ్ అధికారులకు ఉంది. ఆస్పత్రి, బడి, ఆఫీసు, స్టేషను లాంటి చోట్ల దాని బాధ్యులకు ఉంది. హోంగార్డుకు లేదు. దారినపోయే ప్రైవేటు మనిషికి లేదు.
2. ఏ చోటికి రాస్తున్నారో చలానా మీద రాయమనండి. "రోడ్డు పక్కన" అని రాస్తే ఆ కాగితం దాచుకోండి.
3. రెండు వందలకు మించి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.
4. రసీదు లేకుండా డబ్బు ఇవ్వొద్దు. రసీదు లేని డబ్బు జరిమానా కాదు, లంచం.
5. మర్యాదగా మాట్లాడండి. తిట్టొద్దు, తోయొద్దు, పారిపోవద్దు. మూసిన చోట కాల్చి ఉంటే తప్పు ఒప్పుకుని కట్టేయండి.

మన డిమాండ్లు

1. చట్టంలో ఆరుబయలు గురించి ఉన్న మాటను తెలుగులో రాసి పోలీసు స్టేషన్లలో, మున్సిపల్, పంచాయతీ కార్యాలయాల్లో పెట్టాలి. ఆరుబయట, జనానికి దూరంగా కాల్చేవాళ్లపై చలానాలు ఆపాలి.
2. విమానాశ్రయానికి ఇచ్చిన వెసులుబాటు బస్టాండుకూ ఇచ్చేలా కేంద్రం నిబంధన సవరించాలి. ఆత్మకూరు, ఉదయగిరి, వింజమూరు, కలిగిరి బస్టాండులలో, సంతల్లో ప్రయాణికులకు దూరంగా ఒక చోటు గుర్తించాలి.
3. మొదటిసారి దొరికిన వాడికి హెచ్చరిక, సలహా మాత్రమే ఇవ్వాలి. జరిమానాను రెండు వేలకు పెంచే ఆలోచనను పూర్తిగా వదులుకోవాలి.
4. ఆత్మకూరు, ఉదయగిరి ప్రభుత్వ ఆస్పత్రుల్లో పొగ మానాలనుకునే వాళ్లకు వారానికో రోజు మందులు, సలహా ఉచితంగా ఇవ్వాలి. జరిమానాల డబ్బు ఇందుకే ఖర్చు పెట్టాలి.
5. పొగాకు కూలీలకు చేతి తొడుగులు, ఆకు కాలంలో వైద్య శిబిరాలు కావాలి. ఖర్చు పొగాకు బోర్డు, ఆకు కొనే కంపెనీలు భరించాలి.
6. పంట మార్పిడి పథకంలో మన మండలాలకు వచ్చిన సొమ్ము, లబ్ధిదారుల సంఖ్య గ్రామసభలో చదివి వినిపించాలి. పొగాకు వదిలే రైతుకు నీటి వసతి, పంటకు కొనుగోలు హామీ ఇవ్వాలి. వదిలేదాకా గిట్టుబాటు ధర ఇవ్వాలి.

మనం ఏం చేద్దాం?

ఒకటి. సోమవారం సోమవారం అధికారులు ప్రజల అర్జీలు తీసుకుంటారు. పై ఆరు డిమాండ్లతో అర్జీ రాసి ఆత్మకూరు ఆర్డీఓ ఆఫీసులో ఇద్దాం. ఒక్కొక్కరు కాదు, ఊరికి పది మంది పోదాం. రసీదు నంబరు తీసుకోకుండా తిరిగి రావొద్దు.

రెండు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడదాం. గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. అడగాల్సినవి ఇవి: మన ప్రాంతంలో పొగ తాగినందుకు రాసిన చలానాలు ఎన్ని? ఎక్కడెక్కడ రాశారు? మొత్తం ఎంత వచ్చింది? ఎక్కడ జమ చేశారు? ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ జవాబే మన చేతిలో ఆయుధం.

మూడు. రాబోయే గ్రామసభలో మన డిమాండ్ల మీద తీర్మానం పెట్టించండి. సర్పంచి కాదంటే ఎందుకు కాదో మినిట్స్‌లో రాయమనండి.

నాలుగు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి నాయకుణ్ని, ఏ పార్టీ అయినా సరే, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "బస్టాండులో పేదవాడికి ఒక గీత గీయించగలవా, లేదా?"

ఐదు. మన వంతు మనం చేద్దాం. ఇంట్లో, బస్సులో, ఆస్పత్రిలో, బడి దగ్గర, పిల్లల ముందు కాల్చొద్దు. కాల్చిన బీడీ ముక్క బండి కిందికో, గడ్డివాములోకో విసరొద్దు. మానగలిగిన వాళ్లు ఈ రోజే మానండి. మానినవాళ్లూ ఈ పోరాటంలో ఉండాలి, ఎందుకంటే ఇది బీడీ కోసం చేసే పోరాటం కాదు. ఒకే అలవాటుకు ఉన్నోడికి గది, లేనోడికి జరిమానా అనే తేడా మీద చేసే పోరాటం.

అక్కలారా, ముఖ్యంగా మీకు ఒక మాట. సారా మీద గెలిచింది మీరే. ఇంట్లో పొగ మీద మాట చెప్పగలిగిందీ మీరే. చలానా పుస్తకం చెయ్యలేని పని మీ నోటిమాట చేస్తుంది. మీరు ముందుకొస్తే ఈ అర్జీకి బరువొస్తుంది.

మూసిన చోట పొగ వద్దు!
ఆరుబయట పేదవాడిపై చలానా వద్దు!
ఉన్నోడికో చట్టం, లేనోడికో చట్టం చెల్లదు!
పొగాకు రైతుకు, కూలీకి వేరే దారి చూపించాలి!

వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు అర్జీతో ఆత్మకూరు ఆర్డీఓ ఆఫీసు దగ్గరకు రండి. పక్కింటివాళ్లను కూడా వెంటబెట్టుకుని రండి.

ఇట్లు,
ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట ప్రాంత పొగాకు రైతులు, వ్యవసాయ కూలీలు, టీ అంగళ్లు, బంకుల వాళ్లు